పీఠిక: వెలుగు ముందు, శస్త్రం తరువాత

ఉదరాన్ని నిలువునా తెరచి చేసే శస్త్రచికిత్సలో చేయి పండిన నా తరం వైద్యులకు, మూడు నాలుగు చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్ని వెలికితీసే ల్యాపరోస్కోపీ విద్య నడివయస్సులో ఎదురైన నూతన శాస్త్రం. ఈ గ్రంథకర్త తరానికి అది తొలిపాఠం. ఆ విద్య పుట్టుపూర్వోత్తరాలను, పరికరాల స్వరూపస్వభావాలను, ప్రయోగవిధానాలను, వాటి వెంట పొంచి ఉండే ప్రమాదాలను, నివారణోపాయాలను తెలుగులో ఏకత్ర సమకూర్చిన గ్రంథం కోసం మా బోటి వారు చాలాకాలంగా ఎదురుచూస్తూ ఉండగా, అది ఒక శిష్యుని చేతిమీదుగా సిద్ధమై, పీఠిక కోసం నా బల్లమీదికి రావడం నాకు సంతోషాన్నీ, కొంత గర్వాన్నీ కలిగించిన సంగతిని దాచవలసిన పని లేదు.

గ్రంథకర్త నా వద్ద శస్త్రవిద్య అభ్యసించినవారు. పట్నపు పెద్ద ఆసుపత్రుల ఆహ్వానాలు ఉన్నా జిల్లా ఆసుపత్రిలోనే నిలిచి, పగలు థియేటర్‌లోనూ రాత్రి రాతబల్ల వద్దా గడుపుతూ ఈ అధ్యాయాలను కూర్చినవారు. ఇందులోని చిత్రాలన్నీ ఈయన స్వహస్తంతో గీసినవే. ప్రతి అధ్యాయాన్నీ ముందుగా తమ థియేటర్ సిస్టర్లకు, టెక్నీషియన్లకు చదివి వినిపించి, వారికి బోధపడని చోట వాక్యాన్ని విడగొట్టి, బోధపడిన చోట ఇంకా క్లుప్తపరచి, ఇలా పలుమార్లు పదును పెట్టినందువల్లనే కాబోలు, ఇంతటి సాంకేతిక విషయం ఎక్కడా క్లిష్టాన్వయం లేకుండా సాగింది. పాండిత్యం ఉన్నవారు చాలామంది ఉంటారు. తమ పాండిత్యాన్ని ఎదుటివారి గ్రహణశక్తికి అప్పగించి పరీక్షకు నిలుపగలిగినవారు అరుదు.

ఈ విద్యకు రోగులు ఇచ్చే కీర్తి అంతా గాటు చిన్నదన్న దానికే: నొప్పి తక్కువ, మూడో నాటికి ఇంటికి ప్రయాణం, పది రోజుల్లో పొలానికో ఆఫీసుకో తిరిగి పోవడం. అవి సత్యమైన ప్రయోజనాలే. అయితే గాటు చిన్నది కావడం ఈ విద్యకు ఫలం మాత్రమే. లోపలిదాన్ని నిర్మలంగా చూడగలగడం దీనికి మూలం. చూపు ఎంతవరకు చేరిందో శస్త్రం అంతవరకే చేరాలన్న నియమాన్ని ఈ గ్రంథం ఆద్యంతం ఒక సూత్రంగా పట్టుకొని నడిచింది. పరికరాల పట్టికగా మిగిలిపోయే ప్రమాదం నుంచి దీనిని తప్పించినది ఆ సూత్రమే.

ప్రథమాధ్యాయం వంశానుచరితం. సుశ్రుతసంహిత నూటొక్క యంత్రాలను పేర్కొని, వాటిలో నాళికారూపమైన నాడీయంత్రాలకు స్రోతస్సులలో చిక్కిన శల్యాలను తీయడమే కాక రోగాన్ని దర్శించడం కూడా ప్రయోజనమని చెప్పిన సంగతితో గ్రంథకర్త ఆరంభించారు. ఇక్కడ ఆయన సంయమనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. సుశ్రుతుని కాలానికే ల్యాపరోస్కోపీ ఉన్నదని డంబాలు పలికే ధోరణి నేడు సులభంగా చప్పట్లు తెచ్చిపెడుతుంది. ఈయన ఆ దారి తొక్కలేదు. గొట్టంలోంచి చూడాలన్న జిజ్ఞాస ప్రాచీనమని చెప్పి, ఆ గొట్టం కొసకు వెలుగును చేర్చే ఉపాయం మాత్రం ఐరోపాలో లభించిందని నిష్పాక్షికంగా నిరూపించారు.

ఆ వెలుగు కథ 1806లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జీనీ మైనపు వత్తిని, అద్దాన్ని, గొట్టాన్ని జోడించి నిర్మించిన కాంతివాహక యంత్రంతో మొదలవుతుంది. వియన్నా వైద్యవిద్యాపీఠం దానిని ఆదరించలేదు. తరువాత కొద్ది యేళ్లకే, 1809లో, టైఫస్ జ్వరం సోకి ముప్పై అయిదేళ్ల ప్రాయంలో ఆయన గతించారు. సుమారు డెబ్బై యేళ్లకు మాక్సిమిలియన్ నిట్సె, వెలుగును బయటినుంచి లోపలికి ప్రసరింపజేయడం మాని, నీటితో చల్లబరచిన ప్లాటినం తీగను దీపంగా గొట్టం కొసనే అమర్చి మూత్రాశయాంతర్భాగాన్ని కళ్లకు కట్టించారు. 1901లో డ్రెస్డెన్ వైద్యుడు గెయోర్గ్ కెల్లింగ్ అదే నిట్సె పరికరంతో, హాంబర్గ్ విద్వత్సభలో, ఒక శునకం ఉదరంలోకి గాలి నింపి లోపలి అవయవాలను చూపించారు. 1910లో స్టాక్‌హోమ్‌లో హాన్స్ క్రిస్టియన్ యాకోబేయుస్ మానవ శరీరంలో ఆ దర్శనాన్ని సాధించారు. శస్త్రం ఇంకా ఆ గొట్టంలోకి ప్రవేశించనే లేదు. ఒక శతాబ్దం పైగా ఈ విద్య కేవలం చూడటం నేర్చుకొన్నది.

వాయువు, సూది, కటకం అనే మూడింటిని గురించిన ద్వితీయాధ్యాయం నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఉదరకుహరం సహజంగా ఖాళీ ప్రదేశం కాదు. అవయవాలు ఒకదానినొకటి ఒరసుకొని ఉంటాయి. వాటిమధ్య ఎడం కల్పించడానికి మామూలు గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడాలని స్విట్జర్లాండ్ వైద్యుడు రిఖార్డ్ త్సొలికోఫర్ 1924లో సూచించారు: అది మండదు, రక్తంలో శీఘ్రంగా కరుగుతుంది, ఊపిరితో వెలికిపోతుంది. 1938లో హంగరీ వైద్యుడు యానోష్ వెరెష్ క్షయరోగుల ఛాతీలోకి గాలి పంపడానికి, మొన తగలవలసిన పొరను దాటగానే స్ప్రింగు బలంతో మొద్దుకొస ముందుకు వచ్చి లోపలి అవయవాన్ని కాపాడే సూదిని నిర్మించారు. క్షయకు మందులు వచ్చి ఆ చికిత్స మరుగునపడినా, సూది ఉదరశస్త్రచికిత్సలో చిరస్థాయిగా నిలిచింది. నేడు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం వద్ద వాయువును నిలుపుతామని అందరూ వ్రాస్తారు. ఆ పీడనం గుండెకు తిరిగివచ్చే రక్తాన్ని, ఊపిరితిత్తుల కదలికను ఎట్లా ప్రభావితం చేస్తుందో, మత్తువైద్యుడు ఆ సమయంలో ఏమేమి గమనిస్తూ ఉంటాడో, ఆపరేషన్ తరువాత రోగి కడుపు బాగున్నదంటూ భుజం నొప్పి అని ఎందుకు మూలుగుతాడో వివరించినవారు తక్కువ. ఈ గ్రంథంలో అది సావకాశంగా ఉన్నది.

కటకాల విషయంలో మన దేశానికీ పాలున్నది. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్స్ వద్ద పరిశోధిస్తూ, గాజు తంతువుల కట్టగుండా ప్రతిబింబాన్ని వంపులు తిప్పి పంపవచ్చునని 1954లో నేచర్ పత్రికలో గురువుతో కలిసి ప్రకటించారు. ఆ హాప్కిన్సే తరువాత, పొడవైన గాలిఖాళీల మధ్య చిన్న కటకాలను పేర్చే పూర్వపద్ధతిని తలక్రిందులు చేసి, పొడవైన గాజుదండాల మధ్య స్వల్పమైన గాలిఖాళీలను ఉంచి, సన్నని గొట్టంలోంచి కూడా దేదీప్యమానమైన దృశ్యాన్ని రాబట్టారు. జర్మనీలో టుట్లింగెన్ పట్టణానికి చెందిన కార్ల్ స్టోర్జ్ సంస్థ ఆ కటకవ్యవస్థను, గాజుతంతువుల గుండా వచ్చే చల్లని వెలుగును ఒకే పరికరంలో కూర్చింది. అనంతరం ఆ కటకానికి చిప్ కెమెరా తోడైనాక, ఒక్క వైద్యుని కంటికే పరిమితమైన దృశ్యం తెరమీదికి వచ్చి, సహాయకుడు, సిస్టర్, విద్యార్థి అందరూ ఏకకాలంలో చూడగలిగేదయింది. గురువు చూసేదే శిష్యుడూ చూడటం అన్న ఆ మార్పు లేకపోతే, ఈ విద్య ఇంత త్వరగా ఊరూరికీ వ్యాపించి ఉండేది కాదు.

శస్త్రం చూపు వెంట లోపలికి నడిచిన ఘట్టాన్ని గ్రంథకర్త ఉద్వేగరహితంగా, కానీ హృద్యంగా చెప్పారు. కీల్ నగరంలో స్త్రీరోగవైద్యుడైన కుర్ట్ జెమ్ 1980లో ల్యాపరోస్కోపీ ద్వారా అపెండిక్స్‌ను తొలగించినప్పుడు స్వదేశీయ శస్త్రవైద్యుల నుంచి ఆయనకు దక్కినది తీవ్రమైన నిరసన. 1985లో బోబ్లింగెన్ పట్టణంలో ఎరిఖ్ మూహె పిత్తాశయాన్ని ఆ మార్గంలో తీసినప్పుడు కూడా జర్మన్ శస్త్రవైద్యసంఘం తిరస్కరించింది. అదే సంఘం 1992లో ఆయనను సత్కరించింది. 1987లో లియాన్ నగరంలో ఫిలిప్ మూరె చేసిన శస్త్రచికిత్స అనంతరం ఫ్రాన్సు, అమెరికాల గుండా ఈ విద్య దావానలంలా ప్రాకింది. 1990లో ముంబైలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా భారతదేశంలో తొలి ల్యాపరోస్కోపిక్ పిత్తాశయ శస్త్రచికిత్స చేశారు. అంతకు చాలాకాలం ముందునుంచే రోగనిర్ణయానికి ఆ గొట్టాన్ని ఆశ్రయించిన దూరదర్శి ఆయన. మన తెలుగునాట ఈ విద్య నేర్చిన తొలితరం వారిలో అనేకులు ఆ ముంబై పరంపరకో, కోయంబత్తూరులో డాక్టర్ పళనివేలు నెలకొల్పిన పరంపరకో ఏదో ఒక విధంగా ఋణపడినవారే.

అయితే చూపు పెరిగినంత మాత్రాన వివేకం పెరగదు. తెరమీద కనబడేది పెద్దదిగా, ప్రకాశవంతంగా కనబడుతుందే గాని, లోతు తగ్గిన చదునైన దృశ్యం. చేతికి స్పర్శ లేదు. ఏది ఏ నాళమో భ్రమపడే అవకాశం ఎక్కువ. ఆ తొలి సంవత్సరాలలో పిత్తాశయపు తూమనుకొని ప్రధాన పిత్తనాళాన్నే ఛేదించిన దుర్ఘటనలు పెరిగాయి. దానికి సమాధానంగా 1995లో అమెరికాలోని సెయింట్ లూయీస్ శస్త్రవైద్యుడు స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ నిర్దేశించిన నియమత్రయానికి గ్రంథకర్త ఒక సంపూర్ణాధ్యాయం కేటాయించారు. పిత్తాశయానికీ కాలేయానికీ మధ్యగల త్రికోణంలోని కొవ్వును, పీచును పూర్తిగా తొలగించాలి. పిత్తాశయపు అడుగు మూడోవంతును కాలేయం నుంచి విడదీయాలి. పిత్తాశయంలోకి ప్రవేశించేవి రెండే రెండు నిర్మాణాలని కన్నులారా నిర్ధారించుకొన్న తరువాతనే క్లిప్పు వేయాలి. ఈ మూడు కనబడకపోతే? కత్తెర దించి, సహచరుణ్ణి పిలవాలి. అవసరమైతే కడుపు తెరవాలి. తెరవడం ఓటమి కాదని ఈయన పదే పదే వ్రాశారు. ఆ వాక్యాన్ని ప్రతి యువ శస్త్రవైద్యుడూ కంఠస్థం చేయాలని నా కోరిక.

నూతన పరికరాల అధ్యాయాలు ఈ గ్రంథానికి కండపుష్టి. సెకనుకు 55,500 కంపనాలతో కణజాలాన్ని కోస్తూనే రక్తాన్ని గడ్డకట్టించే హార్మోనిక్ స్కాల్పెల్, 7 మిల్లీమీటర్ల వ్యాసం వరకు గల రక్తనాళాలను మూసివేయగల వెసెల్ సీలర్, ప్రేవులను కోస్తూనే కుట్టివేసే స్టేప్లర్ ఇత్యాదులను పేర్కొన్నప్పుడు, వాటి శక్తితో పాటు పరిమితినీ చెప్పడం ఈయన విధానం. హార్మోనిక్ కొస పని ముగిసిన తరువాత కూడా కొంతసేపు కాలుతూనే ఉంటుందనీ, వెంటనే దానితో ప్రేవును తాకరాదనీ, కరెంటుతో పనిచేసే పరికరపు తొడుగు ఎక్కడో వెంట్రుకవాసి చిట్లినా, కెమెరా దృష్టికి అవతల ప్రేవు కాలి, నాలుగైదు రోజుల తరువాత గాని ఆ గాయం బయటపడదనీ వ్రాసిన పుటలు అనుభవం మాత్రమే వ్రాయించగలిగినవి.

ఇండోసయనిన్ గ్రీన్ అనే వర్ణద్రవ్యాన్ని గురించిన ప్రకరణం గ్రంథసూత్రానికి సాక్షాత్ నిదర్శనం. 1950ల నాటి ఈ వర్ణకాన్ని ముందుగా నరంలోకి ఎక్కిస్తే కాలేయం దానిని పిత్తంలోకి విసర్జిస్తుంది. పరారుణకాంతిని గ్రహించగల కెమెరా కింద పిత్తనాళాలు కొవ్వుమాటున ఉన్నా ఆకుపచ్చగా వెలుగుతాయి. ప్రేవుల రెండు కొసలను కలిపి కుట్టేముందు ఆ కొసలకు రక్తం చక్కగా అందుతున్నదా లేదా అన్న సంశయాన్నీ అదే తీరుస్తుంది. రోబో విషయంలోనూ ఈయన తూకం తప్పలేదు. 2000లో అమెరికా అనుమతి పొందిన డా విన్సీ యంత్రం త్రిమితీయ దృశ్యాన్ని, మణికట్టులా తిరిగే కొసలను, చేతివణుకును వడగట్టే గుణాన్ని ఇచ్చింది; 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఝాక్ మారెస్కో మరొక రోబో సాయంతో ఫ్రాన్సు నగరమైన స్ట్రాస్‌బర్గ్‌లోని రోగి పిత్తాశయాన్ని తొలగించారు; నేడు మన గురుగ్రామ్‌లోనే మంత్ర అనే శస్త్రరోబో రూపుదిద్దుకొన్నది. ఇన్ని చెప్పి, రోబో శస్త్రవైద్యుని చేతిని మెరుగుపరుస్తుందే గాని నిర్ణయాన్ని మెరుగుపరచదని ముక్తాయించారు.

ఈ వంశావళిలో హైదరాబాదుకు స్వతంత్రమైన స్థానం ఉన్నది. చర్మంపై అసలు గాటే లేకుండా, నోటిద్వారా జీర్ణాశయం చేరి, దాని గోడగుండా ఉదరంలోకి ప్రవేశించే మార్గాన్ని ప్రపంచం ఇంకా జంతువులపై పరీక్షిస్తున్న కాలంలో, 2000 దశకం మధ్యభాగాన, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ జి.వి. రావు, డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఆ మార్గాన మానవునిలో అపెండిక్స్ తొలగించి విద్వల్లోకాన్ని విస్మయపరచారు. ఆ పద్ధతి నిత్యవ్యవహారంలో స్థిరపడలేదు. అయినా ఎండోస్కోపు పొర దాటి పని చేయగలదన్న ధైర్యం వృథా పోలేదు. 2008లో జపాన్‌లో హారుహిరో ఇనోవే, అన్నవాహిక పొరల మధ్య సొరంగం తీసి, బిగుసుకొన్న కండరాన్ని కోసే పోయెం చికిత్సను ఆరంభించారు. ముద్ద మింగుడుపడని అకలేషియా రోగులకు నేడు హైదరాబాదులోనూ అది అందుబాటులో ఉన్న చికిత్స.

కొత్తదనం ఎంతటి ఆకర్షణ కలిగినదైనా ఫలితపరీక్షకు నిలువవలసిందేనన్న అధ్యాయం లేకపోతే ఈ గ్రంథానికి పీఠిక వ్రాయడానికి నేను సందేహించి ఉండేవాణ్ణి. గర్భాశయముఖ క్యాన్సర్‌కు చేసే విస్తృత శస్త్రచికిత్సలో చిన్న రంధ్రాల పద్ధతిని, కడుపు తెరిచే పద్ధతిని పోల్చి 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన పరిశోధన, నాలుగున్నరేళ్ల నాటికి వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు తొలి పద్ధతిలో 86.0 శాతం, రెండవ పద్ధతిలో 96.5 శాతం అని తేల్చింది. చిన్న గాటు ఆ రోగిణులకు మేలు చేయలేదు. పెద్దప్రేవు క్యాన్సర్ విషయంలో మాత్రం ల్యాపరోస్కోపీ అటువంటి పరీక్షలలోనే నెగ్గింది. అవయవం మారితే తీర్పు మారుతుంది గనుక, ఒక చోటి విజయం మరొక చోటికి అనుమతిపత్రం కాదు. 1888, 1889 సంవత్సరాలలో నిజాం పోషణలో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లను ఇక్కడ స్మరించడం సముచితం. మత్తుమందుగా వాడిన క్లోరోఫాం గుండెపై నేరుగా ప్రభావం చూపదన్న వారి నిర్ణయం తరువాతి పరిశోధనలో నిలువలేదు. ప్రయోగానికి ప్రయోగమే సమాధానం చెప్పింది. శాస్త్రం నడిచే తోవ అదే.

తెలుగు పల్లెలకు ల్యాపరోస్కోపు పరిచయమైనది పిత్తాశయంతో కాదు, కుటుంబనియంత్రణ శిబిరాలతో. పాఠశాల ఆవరణలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వరండాలో, వరుసగా చాపలమీద పడుకొన్న తల్లులకు డీపీఎల్ (రెండు రంధ్రాల ల్యాపరోస్కోపీ) ఆపరేషన్ అన్న పేరుతో ఈ విద్య చేరింది. 2022 ఆగస్టులో హైదరాబాదు సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజున 34 మంది స్త్రీలకు ఆ ఆపరేషన్లు జరిగి, ఇన్ఫెక్షన్ సోకి నలుగురు మరణించడం మన వైద్యలోకం మరువరాని విషాదం. పరికరం ఎంత సున్నితమైతే దానిని శుద్ధి చేయడం అంత కష్టం: సన్నని గొట్టపు లోపలిభాగంలో, కీలు మడతలో ఎండిన రక్తపు తునక మిగిలితే ఏ ద్రావకమూ దానిని దాటి క్రిమిని చేరలేదు. కడిగే క్రమం, విప్పే క్రమం, నానబెట్టవలసిన కాలం, తిరిగి కడగవలసిన నీరు, ప్రతి పరికరానికీ ఒక రోగికీ మరొక రోగికీ మధ్య ఉండవలసిన విరామం, వీటిని ఇరవై పుటలలో వివరించిన అధ్యాయం నా దృష్టిలో గ్రంథానికంతటికీ శిరోభూషణం. పరికరాలు కడిగేవారి పేరు ఏ డిశ్చార్జి కాగితంమీదా ఉండదు. ఈ గ్రంథంలో వారికి సముచితాసనం లభించింది.

అంత్యాధ్యాయం అభ్యాసానికి సంబంధించినది. తోలుతిత్తులమీద భేదనం, గుమ్మడి సొర దోసకాయలమీద ఛేదనం, తామరతూళ్లమీద వేధనం అభ్యసించనిదే రోగిని తాకరాదని సుశ్రుతుడు శాసించాడు. నేటి విద్యార్థికి కెమెరా అమర్చిన శిక్షణపెట్టె ఉన్నది. రంధ్రం ఇరుసుగా పనిచేసే ఈ విద్యలో చేయి కుడికి పోతే కొస ఎడమకు పోతుంది; ఆ విపర్యాసాన్ని మెదడు జీర్ణించుకోవడానికి గంటల తరబడి మొండి సాధన తప్ప మార్గాంతరం లేదు. చవకగా అట్టపెట్టెతో, మామూలు వెబ్ కెమెరాతో అటువంటి సాధనాన్ని ఇంట్లోనే తయారుచేసుకొనే విధానాన్ని గ్రంథకర్త బొమ్మలతో సహా ఇచ్చారు. కళాశాలలో యంత్రం లేదన్న నెపం ఇక చెల్లదు.

గుణాలతో పాటు లోపాన్నీ చెప్పడం పీఠికాకర్త ధర్మం. శిశువుల శస్త్రచికిత్సకు ఇందులో దక్కిన చోటు స్వల్పం. పసిదేహంలో వాయుపీడనం మొదలు పరికరాల పొడవు వరకు లెక్కలన్నీ మారుతాయి గనుక దానికి ప్రత్యేకాధ్యాయం అవసరం. ఖర్చు విషయమూ ఇంకా విపులంగా చర్చించదగినది: ఒక్కసారి వాడి పారవేయవలసిన స్టేప్లరు భారం చివరకు రోగి కుటుంబంమీదనో ప్రభుత్వ ఖజానామీదనో పడుతుంది గనుక, దారంతో ముడివేయగలిగినచోట ముడినే నేర్పాలి. ద్వితీయ ముద్రణలో ఈ రెండింటినీ పూరిస్తామని గ్రంథకర్త నాకు మాట ఇచ్చారు; ఆయన ఇచ్చిన మాట తప్పినవారు కారు.

శస్త్రవైద్య విద్యార్థులు మొదట పిత్తనాళ ప్రకరణాన్ని, తరువాత ఫలితపరీక్షల అధ్యాయాన్ని, ఆపైన మాత్రమే రోబో అధ్యాయాన్ని చదవాలని నా సలహా. థియేటర్ సిస్టర్లు, టెక్నీషియన్లు శుద్ధిక్రమాన్ని తమ గదిలో గోడకు అంటించుకోవాలి. రోగులూ వారి బంధువులూ ఉపోద్ఘాతం చదివి, ఆపరేషన్‌కు ముందు వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలను అక్కడినుంచి గ్రహించాలి. అడిగించుకొన్నందుకు ఏ మంచి వైద్యుడూ చిన్నబుచ్చుకోడు. ఈ ప్రయోజనాలన్నీ నెరవేర్చగల సత్తా ఉన్న గ్రంథమిది. చిరంజీవి గ్రంథకర్తకు ఆయురారోగ్యాలను, ఇదే దీక్షతో మరిన్ని రచనలు చేసే అవకాశాన్ని ఆశీర్వదిస్తూ, దీనిని తెలుగు పాఠకలోకానికి నిస్సంకోచంగా సమర్పిస్తున్నాను.